చూడని రాత్రుల మీద బెంగ

‘ఇన్ కలర్’ 2015 మే 29న లండన్‌కు చెందిన యంగ్ టర్క్స్ అనే రికార్డు సంస్థ విడుదల చేసిన ఎలక్ట్రానిక్ డాన్స్ ఆల్బమ్. దీన్ని కట్టినవాడు జేమీ స్మిత్. సంగీత ప్రపంచానికి జేమీ ఎక్స్‌ఎక్స్ అంటేనే తెలుసు. ట్రాకులు పదకొండు, మొత్తం నిడివి ముప్పావుగంటకు కాస్త తక్కువ. అందులో నాలుగింటికే గాయకులున్నారు. మిగతావన్నీ యంత్రాల మీద పుట్టిన దరువులు, పాత రికార్డుల నుంచి తుంచిన ముక్కలు, ఎప్పుడో రేడియోలో ఎవరో అరిచిన అరుపులు. వీటన్నిటినీ కలిపి కుట్టిన దారం ఒక్కటే. బ్రిటన్‌లో 1980ల చివరి నుంచి 1990ల మధ్యదాకా వెలిగిన డాన్సు క్లబ్బుల మీద, తెల్లవార్లూ సాగిన రేవ్ అనే డాన్సు జాతరల మీద బెంగ. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో జేమీ ఉయ్యాల్లోనో ఒకటో తరగతిలోనో ఉన్నాడు. తాను అడుగుపెట్టని చోటు మీద ఇంత బెంగ ఎలా పుట్టిందన్నదే ఈ ఆల్బమ్ కథ.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ‘పబ్’ అని పిలిచే చోటును లండన్‌లో ‘క్లబ్’ అంటారు. అక్కడ పబ్ అంటే సాయంత్రం నలుగురూ చేరి బీరు తాగుతూ కబుర్లు చెప్పుకునే వీధి దుకాణం. ‘డీజే’ మాటా అంతే. తెలుగునాట డీజే అంటే పెళ్ళి బరాత్‌లోనో వినాయక నిమజ్జనంలోనో కిటికీ అద్దాలు గజగజలాడేలా మోగే స్పీకర్ల బండి. అక్కడ డీజే అంటే మనిషి. రెండు టర్న్‌టేబుళ్ళ మీద రెండు రికార్డులు పెట్టి, ఒకదాని నడక రెండోదాని నడకలో ఒదిగేలా వేగం సరిచేసి, మొదటిది ఎక్కడ ఆగిందో రెండోది ఎక్కడ అందుకుందో తెలియకుండా రాత్రంతా నడిపించేవాడు. రెండు చోట్లా ఉమ్మడి సంగతి మాత్రం ఒకటుంది. దెబ్బ చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. నిమజ్జనం బండి పక్కన ఒక్కసారైనా నిలబడ్డవాళ్ళకు ఈ సంగీతం సగం అర్థమైనట్టే.

ఈ సంగీతం మొదలైంది లండన్‌లో కాదు, అమెరికాలోని షికాగోలో. అక్కడ ‘వేర్‌హౌస్’ అనే క్లబ్బులో 1977 నుంచి ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే పాత డిస్కో రికార్డులను టేపు మీదికి ఎక్కించి, నచ్చిన భాగాలను కత్తిరించి, మళ్ళీ మళ్ళీ అతికించి సాగదీసేవాడు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి యువకులు, స్వలింగ సంపర్కులు. బయట తలెత్తుకు తిరిగే చోటు లేనివాళ్ళు. ఆ క్లబ్బు పేరు చివరి ముక్కే ‘హౌస్’ సంగీతానికి పేరైందని చెబుతారు.

అదే షికాగోలో ఇంకో విచిత్రం జరిగింది. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో టీబీ-303 అనే చిన్న పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. గిటారు వాయించేవాళ్ళు ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు పక్కన బేస్ గిటారు తోడుండాలని చేసిన యంత్రం. అది బేస్ గిటారులా పలకనూ లేదు, అమ్ముడుపోనూ లేదు. కొన్నాళ్ళకే తయారీ ఆపేశారు. పాత సామాను దుకాణాల్లో చవగ్గా దొరికిన ఆ పెట్టెలను కుర్రాళ్ళు కొని, గుబ్బలను ఇష్టం వచ్చినట్టు తిప్పి చూస్తే జిగురుగా, గరగరలాడుతూ మెలికలు తిరిగే శబ్దం వచ్చింది. ఫ్యూచర్ అనే బృందం 1987లో విడుదల చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ ఆ శబ్దంతో నిండినదే. యాసిడ్ హౌస్ అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇక్కడో మన దేశపు ముచ్చట. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ అదే 303 పెట్టెను, దాని జోడీ డ్రమ్ మెషీన్ 808ను ముందుపెట్టుకుని 1982లోనే పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలైనప్పుడు విన్న యూరప్ డీజేలు, షికాగో కంటే ఐదేళ్ళ ముందే ఈ శబ్దం బొంబాయిలో పలికిందా అని ముక్కున వేలేసుకున్నారు.

బ్రిటన్‌కు ఈ గాలి స్పెయిన్ దీవి ఇబీసా మీదుగా వీచింది. 1987 వేసవిలో సెలవులకని అక్కడికి వెళ్ళిన నలుగురు లండన్ డీజేలు ఆరుబయట క్లబ్బులో తెల్లవార్లూ సాగిన ఆటను చూసి మతిపోయి వెనక్కొచ్చారు. వాళ్ళలో ఒకడైన డానీ రాంప్లింగ్ ఆ ఏడాది చివర్లో థేమ్స్ నదికి దక్షిణాన ఒక వ్యాయామశాలలో ‘షూమ్’ అనే రాత్రి మొదలుపెట్టాడు. 1988 వేసవికల్లా ఆ మోజు దేశమంతా పాకింది. మాంచెస్టర్‌లో న్యూ ఆర్డర్ బృందం డబ్బుతో నడిచిన ‘హాసియెండా’ క్లబ్బు ముందు వందల మంది వరుసకట్టారు. ఫుట్‌బాల్ మైదానాల దగ్గర కొట్టుకునే కుర్రాళ్ళు ఇక్కడ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఆడారని అప్పటివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అందులో ఎక్స్‌టసీ అనే మత్తు మాత్రల పాత్ర కూడా ఉంది. ఆ సంగతి దాచి చెబితే చరిత్ర అబద్ధమవుతుంది. ఆ వేసవికి బ్రిటిష్ పత్రికలు ‘రెండో ప్రేమ వేసవి’ అని పేరు పెట్టాయి. అదే ఏడాది అక్టోబర్ 28న లండన్‌లో జేమీ స్మిత్ పుట్టాడు.

క్లబ్బులను తొందరగా మూసేయాలన్న లైసెన్సు నిబంధనల వల్ల ఆట ఊరిబయటికి వెళ్ళింది. లండన్ చుట్టూ ఉన్న ఎం25 రింగు రోడ్డు పక్కన పొలాల్లో, ఖాళీ గోదాముల్లో స్పీకర్లు లేచేవి. చోటు ముందుగా చెప్పేవారు కాదు. ఫలానా ఫోన్ నంబరుకు రాత్రి ఫోను చేస్తే ఆఖరి గంటలో చిరునామా తెలిసేది. కార్లు ఒకదాని వెనక ఒకటి చీకట్లో వెతుక్కుంటూ పోయేవి. 1992 మే నెలలో క్యాజిల్‌మార్టన్ అనే పల్లె దగ్గర ఖాళీ మైదానంలో 20 వేల మందికి పైగా చేరి వారం రోజులు కదల్లేదు. దాంతో ప్రభుత్వానికి కోపం వచ్చింది. 1994లో తెచ్చిన క్రిమినల్ జస్టిస్ చట్టంలో రేవ్‌లను చెదరగొట్టే అధికారం పోలీసులకు ఇచ్చారు. అందుకోసం చట్టంలో ‘సంగీతం’ అనే మాటను విడమరిచి, మళ్ళీ మళ్ళీ వచ్చే దరువులే ప్రధానంగా గల శబ్దాలు కూడా అందులోకి వస్తాయని రాశారు. దరువు పేరెత్తి చట్టం చేసిన పార్లమెంటులు లోకంలో ఎక్కువ ఉండవు.

పొలాల్లో ఆట అణిగిపోతున్న ఆ ఏళ్ళలోనే లండన్ మురికివాడల అపార్ట్‌మెంట్లలో ఇంకో సంగీతం పుట్టింది. పేరు జంగిల్. దాని వెన్నెముక దాదాపు ఏడు సెకన్ల డ్రమ్ముల ముక్క. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం ఒక రికార్డు వెనకవైపు నింపడానికి వాయించిన ‘అమెన్, బ్రదర్’ అనే పాటలో, నడుమ అందరూ ఆగిపోతే గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒక్కడే నాలుగు ఆవృతాలు వాయించాడు. ఆ ముక్కను శాంప్లర్ అనే యంత్రంలోకి లాగి, వేగం పెంచి, నలగ్గొట్టి, దెబ్బ దెబ్బనూ తారుమారు చేసి వేలకొద్దీ జంగిల్ ట్రాకులు కట్టారు. కోల్‌మన్‌కు అందులో ఒక్క పైసా ముట్టలేదు. 2006లో ఆయన ఇల్లూవాకిలీ లేకుండానే పోయాడు. జంగిల్‌ను పెద్ద రేడియోలు మొదట పట్టించుకోలేదు. ఎత్తయిన అపార్ట్‌మెంట్ల డాబాల మీద దొంగచాటుగా ఏరియల్ కట్టి నడిపిన పైరేట్ స్టేషన్లే ఊరంతా వినిపించాయి. రికార్డు తిరుగుతుండగా మైకు పట్టుకుని జనాన్ని ఉసిగొల్పేవాణ్ణి ఎమ్‌సీ అనేవారు. ఈ ఎమ్‌సీల గొంతులే తర్వాత ఇరవై ఏళ్ళకు జేమీ చేతికి చిక్కాయి.

ఈ మొత్తానికి అడుగున కరీబియన్ నుంచి వలస వచ్చిన కుటుంబాల సంగీతం ఉంది. భారీ స్పీకర్లు నిలబెట్టి రికార్డులు మోగించే, జమైకావాళ్ళు తెచ్చిన సౌండ్ సిస్టమ్ సంప్రదాయమే బ్రిటన్ క్లబ్బులకు బేస్ రుచి చూపించింది. ట్రినిడాడ్‌వాళ్ళు తెచ్చింది స్టీల్ పాన్. చమురు డ్రమ్ముల అడుగులను సుత్తితో కొట్టి గుంటలు తేల్చి, ఒక్కో గుంటకు ఒక్కో స్వరం పలికేలా చేసిన వాయిద్యం. 1951లో ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ అనే జాతీయ ఉత్సవానికి ట్రినిడాడ్ స్టీల్ వాద్యబృందం వచ్చి వాయించింది. తర్వాత నాటింగ్ హిల్ కార్నివాల్ అనే వీధి ఉత్సవంలో అది లండన్ వేసవి శబ్దమైపోయింది. జేమీ ట్రాకుల్లో చాలాచోట్ల ఈ పాన్ మోగుతుంది. ఇత్తడి గిన్నె మీద చెంచాతో సుతారంగా కొట్టినట్టుండే ఆ శబ్దం అతని చేతి ముద్ర.

జేమీ చదివింది నైరుతి లండన్‌లోని పట్నీలో ఉన్న ఎలియట్ స్కూల్లో. మామూలు ప్రభుత్వ బడి. ఫోర్ టెట్, బరియల్ అనే సంగీతకారులు, హాట్ చిప్ అనే బృందం కూడా ఆ బడి నుంచే వచ్చారు. తోటి విద్యార్థులు రోమీ మాడ్లీ క్రాఫ్ట్, ఆలివర్ సిమ్‌లతో కలిసి అతను ‘ద ఎక్స్‌ఎక్స్’ బృందంలో ఉన్నాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 2009లో వచ్చి, మరుసటేడు బ్రిటన్‌లో పేరున్న మెర్క్యురీ బహుమతి గెలిచింది. నల్లబట్టలు, మెల్లగా గుసగుసలాడే గొంతులు, నోటుకూ నోటుకూ మధ్య బోలెడు ఖాళీ. ఆ బృందం తీరు అది. వెనకాల దరువు చూసుకునేవాడు జేమీ. తర్వాత తన సొంత ఆల్బమ్‌కు ‘రంగుల్లో’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, అట్ట మీద రంగుల పట్టీలు పరచడంలో ఆ నలుపు మీద చిన్న చురక ఉంది.

చూడని రేవ్‌ల మీద బెంగపడినవాడు జేమీ ఒక్కడే కాదు. అదే బడిలో చదివిన బరియల్ 2007లో ‘అన్‌ట్రూ’ అనే ఆల్బమ్ తెచ్చాడు. అతనూ రేవ్‌లకు వెళ్ళినవాడు కాదు. అన్నలు తెచ్చిన టేపులు విని, వాళ్ళు చెప్పిన కథలు విని పెరిగాడు. ఆ ఆల్బమ్‌లో వర్షం పడుతూనే ఉంటుంది, పాత రికార్డు గీతల చిటపటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆట ముగిశాక రాత్రి బస్సులో ఒంటరిగా ఇంటికి పోతున్నట్టుంటుంది. బరియల్‌ది ఇల్లు కాలిపోయాక బూడిదలో వెతుక్కునే బెంగ. జేమీది వేరు. తాతయ్య చెప్పిన తిరనాళ్ళను మనవడు తలుచుకున్నట్టుంటుంది. అందులో దిగులుంది, దానికంటే ఎక్కువ మురిపెం ఉంది.

ఆ మురిపెం పుట్టింది లండన్‌కు దూరంగా. ద ఎక్స్‌ఎక్స్ ప్రపంచమంతా తిరుగుతూ కచేరీలు చేసిన ఏళ్ళలో జేమీ నెలల తరబడి హోటల్ గదుల్లో గడిపాడు. ఇంటిమీద గాలి మళ్ళినప్పుడల్లా పాత బ్రిటిష్ రేవ్ రికార్డులు వింటూ, వాటి మీద తీసిన డాక్యుమెంటరీలు చూస్తూ ఉండేవాడినని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. వాటిలో ముఖ్యమైనది మార్క్ లెకీ అనే కళాకారుడు 1999లో కూర్చిన పదిహేను నిమిషాల వీడియో ‘ఫియొరూచి మేడ్ మీ హార్డ్‌కోర్’. అందులో లెకీ సొంతంగా తీసిన కథ ఏమీ లేదు. 1970ల నార్తర్న్ సోల్ క్లబ్బుల నుంచి 1990ల రేవ్‌ల దాకా ఎవరెవరో తీసిన వీడియో ముక్కలను ఏరి, నెమ్మది చేసి, ఆపి ఆపి చూపిస్తాడు. ఒక కుర్రాడు చేతులు గాల్లోకి చాచి తిరుగుతూ ఉంటాడు. కెమెరా ఉన్న సంగతే అతనికి పట్టదు. ఈ వీడియోలోని మాటలను తుంచి, స్టీల్ పాన్ కలిపి జేమీ 2014లో ‘ఆల్ అండర్ వన్ రూఫ్ రేవింగ్’ అనే ట్రాకు విడుదల చేశాడు. అది ఆల్బమ్‌లో చేరలేదు గాని ఆల్బమ్‌కు తాళంచెవి అదే. అంటే ఇక్కడి జ్ఞాపకం రెండు చేతులు మారింది. లెకీ ఇతరుల టేపుల నుంచి తీసుకున్నాడు, జేమీ లెకీ నుంచి తీసుకున్నాడు.

అలాగని అతని యౌవనమంతా అరువు జ్ఞాపకమేమీ కాదు. లండన్ షోర్‌డిచ్ ప్రాంతంలో కర్టెన్ రోడ్డు మీద ‘ప్లాస్టిక్ పీపుల్’ అనే నేలమాళిగ క్లబ్బు ఉండేది. రెండొందల మంది పడితే కిక్కిరిసినట్టే. దీపాలు దాదాపు ఉండవు. పక్కవాడి ముఖం కనిపించదు. పెట్టిన డబ్బంతా స్పీకర్ల మీదే పెట్టారని పేరు. ఎవరు ఎంత అందంగా ఉన్నారు, ఎవరు ఏం కట్టుకున్నారు అన్న గోల చీకట్లో మాయమై, మిగిలేది శబ్దం ఒక్కటే. డబ్‌స్టెప్ అనే సంగీతం పెరిగి పెద్దదైన చోట్లలో ఇది ఒకటి. జేమీ ఇక్కడే నిలబడి విని నేర్చుకున్నాడు. 2015 జనవరి మొదటి వారంలో ఫోర్ టెట్, ఫ్లోటింగ్ పాయింట్స్ అనే ఇద్దరు డీజేలు ఆఖరి రాత్రి వాయించాక ప్లాస్టిక్ పీపుల్ మూతపడింది. ‘ఇన్ కలర్’ విడుదలకు అప్పటికి ఇంకా ఐదు నెలలు కూడా లేవు. చిన్నప్పుడు అందని రేవ్‌ల బెంగకు, కళ్ళముందే పోయిన క్లబ్బు బెంగ కలిసింది. వినేవాళ్ళకు ఈ రెండూ వేరుచేసి తెలియవు. ఆల్బమ్ బలం కూడా అక్కడే ఉంది.

మొదటి ట్రాకు ‘గాష్’. బీబీసీ రేడియో 1 జంగిల్ సంగీతం కోసం నడిపిన ‘వన్ ఇన్ ద జంగిల్’ కార్యక్రమం నుంచి తీసిన ఎమ్‌సీ గొంతు ఇందులో పదే పదే పలుకుతుంది. ఆశ్చర్యార్థకం లాంటి చిన్న మాట, దాని వెంట జనాన్ని హుషారు చేసే నాలుగు ముక్కలు. అంతే. కింద డ్రమ్ములు ఎండిపోయినట్టు, గదిలో సామాను తీసేశాక పలికినట్టు మోగుతాయి. కాసేపటికి అడుగు నుంచి బేస్ లేస్తుంది. సగం దాటాక ఎక్కడినుంచో సన్నటి సింథసైజర్ రాగం మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఇక శ్రుతి తప్పుతుందేమో అనిపించేంత పైకి పోతుంది. మామూలు జంగిల్ ట్రాకులో ఇలాంటిది ఉండదు. అక్కడ ఆడేవాడికి పైకి చూసే తీరిక ఉండదు. ఈ రాగం ఆడేవాడిది కాదు, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఆటను తలుచుకునేవాడిది. పాత ముక్క, దాని మీద కొత్త దిగులు. ఆల్బమ్ పద్ధతి మొత్తం ఈ ఒక్క ట్రాకులో తెలిసిపోతుంది.

రెండోది ‘స్లీప్ సౌండ్’. ఇందులో ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే పాత అమెరికన్ గాయక బృందం గొంతులు నీటి అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. పాటకంటే దాని వీడియో గుర్తుండిపోతుంది. మాంచెస్టర్‌లోని బధిరుల కేంద్రానికి చెందిన పిల్లలు, యువకులు ఒక్కొక్కరుగా ఒక యువతితో కలిసి నెమ్మదిగా ఆడతారు. చెవికి అందని సంగీతం ఒంటికి అందుతుందని క్లబ్బువాళ్ళు చెప్పే మాటకు ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఎక్కువమంది విన్న పాటల్లో ఒకటి ‘లౌడ్ ప్లేసెస్’. పాడింది రోమీ. హోరెత్తే చోట్లకు వెళ్ళేది మౌనంగా పక్కన కూర్చోగల మనిషిని వెతుక్కోవడానికి అన్న భావంతో మొదలవుతుంది. విడిపోయిన మనిషి అదే క్లబ్బులో ఇంకొకరితో కనిపిస్తే కలిగే బాధ దాని కింద నలుగుతుంది. ఆమె గొంతు చిన్నది, చెవిలో చెప్పినట్టుంటుంది. ఉన్నట్టుండి తెర తీసినట్టు బృందగానం లేస్తుంది. అది న్యూ ఆర్లియన్స్ డ్రమ్మర్ ఇద్రీస్ ముహమ్మద్ 1977లో చేసిన ‘కుడ్ హెవెన్ ఎవర్ బీ లైక్ దిస్’ పాటలోని భాగం. డిస్కో నాటి ఆనందాన్ని యథాతథంగా తెచ్చి ఒంటరి మనిషి నెత్తిన కుమ్మరించడం ఎంత పదునైన పనో వింటే గాని తెలియదు. క్లబ్బు గురించి ఇంత నిజం చెప్పిన పాటలు తక్కువ. వందమంది మధ్య ఒంటరిగా ఉండటం ఎవరికైనా తెలుసు. ఆ ఒంటరితనానికి చప్పుడే దుప్పటి కావడం క్లబ్బుకు వెళ్ళినవాళ్ళకే తెలుసు.

మిగతావాటిలో ‘ఆబ్వ్స్’ స్టీల్ పాన్ ముచ్చట, ‘హోల్డ్ టైట్’ చీకటి గదిలో దరువు, ‘స్ట్రేంజర్ ఇన్ ఎ రూమ్’లో ఆలివర్ సిమ్ గొంతు. రాపర్ యంగ్ థగ్, గాయకుడు పాప్‌కాన్ పాడిన ‘ఐ నో దేర్స్ గొన్నా బీ (గుడ్ టైమ్స్)’ ఆ వేసవిలో రేడియోల్లో బాగా మోగింది. హుషారైన పాటే గాని మిగతా ఆల్బమ్ మధ్య పెళ్ళివారింట్లో దారితప్పి వచ్చిన అతిథిలా ఉంటుంది. ‘సీసా’ అనే ట్రాకులో ఫోర్ టెట్ చెయ్యి ఉంది. ఫోర్ టెట్ అసలు పేరు కీరన్ హెబ్డెన్. తల్లివైపు భారతీయ మూలాలున్నవాడు. అతనే 2015 వేసవిలో విడుదల చేసిన ‘మార్నింగ్/ఈవెనింగ్’లో 1983 నాటి హిందీ చిత్రం ‘సౌతన్’ కోసం లతా మంగేష్కర్ పాడిన పాటను వాడుకున్నాడు. ఒకే బడి, ఒకే నేలమాళిగ, ఒకే వేసవి. ఒకడు వెనక్కి తిరిగి 1990ల లండన్‌ను చూశాడు, రెండోవాడు ఇంకాస్త దూరం చూస్తే లత గొంతు వినిపించింది.

ఆల్బమ్‌కు ఆదరణ బాగానే దక్కింది. బ్రిటన్ జాబితాలో మూడో స్థానానికి చేరింది. మెర్క్యురీ తుది జాబితాలోనూ, మరుసటేడు గ్రామీ అవార్డుల్లో డాన్స్-ఎలక్ట్రానిక్ విభాగంలోనూ నామినేషన్ పొందింది. అమెరికాలోని పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 9.3 వేసింది. పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. జంగిల్ పుట్టింది చెమటలో, పోలీసు సైరన్ల మధ్య, పేదవాడల్లో. దాన్ని కడిగి, తుడిచి, అద్దాల బీరువాలో పెట్టినట్టుందన్నది వాళ్ళ అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం. ‘గాష్’లో అరిచిన ఎమ్‌సీ పేరు కూడా వినేవాళ్ళలో చాలామందికి తెలియదు. అయితే జేమీ ఎక్కడా తాను ఆ రోజుల మనిషినని నటించలేదు. గొంతులను దూరం నుంచి వినిపించినట్టే ఉంచాడు, గోడ అవతలి పార్టీలా. దూరం దాచకపోవడం ఈ ఆల్బమ్‌లోని నిజాయితీ.

ఆల్బమ్ వచ్చిన ఏడాదే బయటి లోకం కూడా దాని దిగులుకు లెక్క కట్టి చూపింది. బ్రిటన్‌లో బార్లు, క్లబ్బుల యజమానుల సంఘం 2015 ఆగస్టులో చెప్పిన లెక్క ప్రకారం 2005లో 3,144 నైట్‌క్లబ్బులు ఉంటే పదేళ్ళలో 1,733కు తగ్గాయి. పెరిగిన అద్దెలు, పక్కన కొత్తగా లేచిన ఫ్లాట్లలో చేరినవాళ్ళ ఫిర్యాదులు, కఠినమైన లైసెన్సులు. కారణాలు అన్నీ కలిశాయి. హాసియెండా 1997లోనే మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు అదే పేరుతో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. క్లబ్బు పేరు అమ్ముడుపోయే సరుకైంది, క్లబ్బు కాలేదు.

‘గాష్’కు 2016లో రోమైన్ గావ్రాస్ తీసిన వీడియో ఈ అరువు జ్ఞాపకాల ఆటను ఇంకో మెట్టు ఎక్కించింది. దాన్ని చైనాలో హాంగ్‌ఝౌ దగ్గర ఉన్న టియాండుచెంగ్ అనే పట్టణంలో తీశారు. అక్కడ పారిస్ వీధులను దించేసినట్టు కట్టి, నడుమ నూరు మీటర్లకు పైగా ఎత్తున్న నకలు ఈఫిల్ టవర్‌ను నిలబెట్టారు. ఆ బొమ్మ పారిస్‌లో వందల మంది యువకులు ఒకే తీరు దుస్తుల్లో, ఒకే తీరు జుట్టుతో వరుసలు కట్టి పరిగెత్తుతారు. కంప్యూటర్ మాయ ఏమీ లేదు, అంతా నిజంగా తీసిందే. లండన్ జంగిల్ గొంతు, చైనాలోని పారిస్ నకలు, తీసినవాడు ఫ్రెంచివాడు. ఏదీ దాని సొంత చోట లేదు. పాటకు సరిగ్గా అతికింది.

తర్వాతి సొంత ఆల్బమ్ ‘ఇన్ వేవ్స్’ తేవడానికి జేమీకి తొమ్మిదేళ్ళు పట్టింది. అది 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు అతను లండన్‌లో ‘ద ఫ్లోర్’ పేరుతో కొన్ని రాత్రుల పాటు తాత్కాలికంగా ఒక చిన్న క్లబ్బు నడిపాడు. పోయినదాని మీద పాట కట్టినవాడు, చివరికి అలాంటి గది ఒకటి తానే తెరిచి చూశాడు.

‘ఇన్ కలర్’ వినాలనుకునేవాళ్ళు ఫోను స్పీకరులో వినకపోవడం మంచిది. ‘గాష్’లో అడుగున లేచే బేస్ అందులో అసలు పలకదు. పలికేది డబ్బాలో గులకరాళ్ళ చప్పుడు మాత్రమే. మంచి హెడ్‌ఫోన్లు ఉంటే సరే. ఇంట్లో ఎవరి దగ్గరైనా పాత పెద్ద స్పీకర్లుంటే, గదిలో దీపం ఆర్పి, మొదటి ట్రాకు నుంచి వరుసగా వినాలి.